బుట్టలో వేసిన పేరు

మేకతోలు అంగీ నడుముపట్టీ నుంచి ఒక ఇత్తడి గంట ఊడిపోయిన రోజునే మా ఆయన జ్ఞానరాజు కూడా పోయారు. అది డిసెంబరు అయిదో తారీకు. మర్నాడు పొద్దున్న హెల్గా గారు ఆ గంట కోసం కంపౌండు తోటంతా వెతికించారు. అప్పటికి మా సంగతి ఆవిడకు తెలియదు. తెలిశాక గంట మాట మళ్ళీ ఎత్తలేదు.

మేము అల్ ఖోబర్‌లో, అల్ అజీజియాలో అద్దెకుండేవాళ్ళం. ఆయన ఒక కంపౌండులో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. ఎత్తైన గోడల మధ్య విల్లాలు, ఈత కొలను, పచ్చిక. ఎక్కువగా యూరప్ వాళ్ళు ఉండేవారు. అక్కడే చిన్నపిల్లల బడి ఒకటి ఉంది. నేను అందులో టీచర్ని. ఆ బడి నడిపే హెల్గా గారిది ఆస్ట్రియాలో ఏదో కొండ ఊరు. మా అమ్మాయి కెజియాకు అప్పటికి ఆరేళ్ళు. ఇండియన్ స్కూల్లో ఒకటో తరగతి చదివేది. మధ్యాహ్నం వ్యాను దాన్ని నా దగ్గర దింపేది. సాయంత్రం ముగ్గురం కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళం.

కుటుంబాల మీద తలకింత అని లెవీ పన్ను మొదలైన ఏడాది అది. స్థానికులకే పని ఇవ్వాలనే నితాఖాత్ రూలు వల్ల ఉద్యోగాలు పోవడం అంతకు ముందు నుంచే ఉంది. కంపౌండులో సగం విల్లాలకు తాళాలు పడ్డాయి. హాలు చాలక వంటగదిలో కూడా కూర్చునే, థామస్ గారు నడిపే మా తెలుగు ప్రార్థన కూడిక ఆ చలికాలానికి ఒక సోఫాకూ, ఒక చాపకూ సరిపోయింది. ఆడవాళ్ళనూ పిల్లలనూ ఊరికి పంపేసి మగవాళ్ళు గదుల్లోకి మారిపోయారు. మమ్మల్ని పంపడానికి ఈయన ఒప్పుకోలేదు. "ఉన్నన్నాళ్ళు ముగ్గురం ఉందాం లీలా. తర్వాత చూసుకుందాం" అన్నారు.

హెల్గా గారి ఊళ్ళో డిసెంబరు అయిదు సాయంత్రం నికోలస్ అనే భక్తుడి వేషం ఇంటింటికీ వస్తుందట. ఆయన మంచి పిల్లలకు పళ్ళూ బాదం పప్పులూ ఇస్తాడు. ఆయన వెనకాల ఇంకొకడు వస్తాడు. వాడి పేరు క్రాంపుస్. మేక కొమ్ములు, వేలాడే ఎర్ర నాలుక, ఒంటినిండా బొచ్చు, చేతిలో గొలుసు, వీపు మీద పెద్ద బుట్ట. మాట వినని పిల్లల్ని ఆ బుట్టలో వేసుకుపోతాడని చెబుతారు. ఆ పక్క దేశాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయని ఆవిడ స్టాఫు రూములో చెప్పేవారు. పండగ రోజుల్లో ఇళ్ళలోకి వచ్చి, సోమరిపిల్లల పొట్ట కోసి గడ్డి కుక్కే ముసలమ్మ ఒకతె. పిల్లల్ని కుండలో ఉడకబెట్టుకుని తినే రాక్షసి ఇంకొకతె. మా వైపు బూచాడికి రూపం లేదు. ఎవరి బూచాడు వాళ్ళకు ఉంటాడు. వీళ్ళు మాత్రం కొయ్యతో ముఖం చెక్కి, తోలు కుట్టి, తాతల నుంచి దాచుకున్నారు. హెల్గా గారి దగ్గరున్నది వాళ్ళ తాతగారిదే.

ఏటా ఆ వేషం ఫ్రాంజ్ అనే ఇంజనీరు వేసేవాడు. అతని ఉద్యోగం స్థానికుడికి ఇచ్చారు. ఎండాకాలంలో వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో ఆ తోలుకు సరిపడేంత పొడుగు మా ఆయనే. హెల్గా గారు అడిగితే సరేనని వచ్చారు.

"మీరు సంఘంలో పెద్ద. కొమ్ములు పెట్టుకుంటారా?" అన్నాను.

"నరసాపురంలో క్రిస్మస్ తాత ముసుగేసుకుని ఎన్నేళ్ళు గెంతలేదే? అప్పుడూ పిల్లలు గుక్కపెట్టేవోరు. దానికి గెడ్డం, దీనికి కొమ్ములు. అంతే కదా."

"థామస్ గారికి తెలిస్తే ప్రార్థనలో మీ పేరు చెప్పి ఏడుస్తారు."

"ఎవరో ఒకరు నా కోసం ఏడవనీ. నువ్వెలాగూ ఏడవవు." ఆయన నవ్వి గొంతు తగ్గించారు. "పిల్లకి మాత్రం చెప్పకు. తెలిసిందంటే నన్ను చూసి ముందే నవ్వేత్తది, ఆ తెల్ల పిల్లలందరికీ చెప్పేత్తది. పొద్దున్నే నేనే చెప్తాను."

ఇక్కడ, క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే మా కేరల్ రౌండ్స్ సంగతి చెప్పాలి. ఊళ్ళో అయితే డప్పులూ, లైట్లూ, రోడ్డు మీద పాటలూ ఉంటాయి. ఖోబర్‌లో అవేమీ ఉండవు. తలుపులు వేసుకుని, మోకాలి మీద అరచేత్తో తాళం వేసుకుంటూ, పక్క ఫ్లాటుకు వినబడనంత గొంతుతో పాడతాం. కానీ ఒక బుట్ట మాత్రం ఇంటింటికీ తిరుగుతుంది. ప్రతి ఇంటివాళ్ళూ అందులో ఏదో ఒకటి వేస్తారు. పండగనాడు అది దమ్మామ్‌లో లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్ళకు వెళుతుంది. మా ఇంట్లో బుట్టలో వేసే పని కెజియాది. "రౌండ్సుకొచ్చినోళ్ళని వట్టి బుట్టతో పంపకూడదమ్మా. మనకి ఇష్టమైందే వెయ్యాలి" అని వాళ్ళ నాన్న నేర్పారు. అంతకు ముందు ఏడాది అది తన కొత్త రంగు పెన్సిళ్ళు వేసింది. వేసి, అవి తలుపు దాటేదాకా చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక పచ్చిక మీద పిల్లలందరినీ కూర్చోబెట్టారు. హెల్గా గారి భర్త ఎత్తు టోపీ పెట్టుకుని నికోలస్ అయ్యారు. అందరికీ పళ్ళూ బాదం పప్పులూ పంచారు. తరువాత పంపుహౌసు వైపు నుంచి గొలుసు ఈడుస్తున్న చప్పుడూ, గంటలూ వినిపించాయి. తెల్ల పిల్లలు కేకలు వేసి పరుగెత్తారు. వాళ్ళకు ఆ ఆట తెలుసు. పారిపోతూనే వెనక్కి తిరిగి నవ్వుతున్నారు. కెజియా పరుగెత్తలేదు. నా కుర్తా పట్టుకుని నిలబడిపోయింది.

వేషం మా ముందుకు వచ్చింది. ముఖం ఎంత బాగా చెక్కారంటే, లోపలున్న మనిషి నాకు తెలిసి కూడా నేను ఒక అడుగు వెనక్కి వేశాను. మాట్లాడితే గొంతు గుర్తుపడుతుందని ఆయన మాట్లాడలేదు. వీపు మీది బుట్ట దించి, మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని కెజియా ముందుకు వంచారు. లోపలికి దూకమన్నట్టు.

కెజియా బుట్టలోకి తొంగి చూసింది. అందులో ఏమీ లేదు. నా వైపు చూసింది. మళ్ళీ బుట్ట వైపు చూసి, రౌండ్సుకు వచ్చినవాళ్ళతో మాట్లాడినట్టే స్పష్టంగా అంది: "నన్నొద్దు. మా డాడీని వేసుకో."

అని రెండు చేతులతో వేషాన్ని నడుము దగ్గర తోసింది. గంటలు మోగాయి. కొమ్ముల తల మెల్లగా ఊగింది, సరేనన్నట్టు. ఆయన లేచి, బుట్ట తగిలించుకుని, గొలుసు ఈడ్చుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయారు.

నాకు నవ్వొచ్చింది. పొద్దున్న టీ దగ్గర చెప్పుకోవడానికి బాగుంటుంది అనుకున్నాను.

అదే సమయానికి కొలను మోటారు ఆగిపోయిందట. దాని విడిభాగం కోసం ఆయన, మమ్మల్ని ఇంటికి వెళ్ళమని కబురు పంపి, దమ్మామ్ గోదాముకు బయలుదేరారు. దారిలో లారీ గుద్దింది. ఆ కబురు మాకు మర్నాడు పొద్దున్న తెచ్చింది రాజేశం. అతను కంపౌండులో వడ్రంగి. జగిత్యాల వైపు మనిషి. ఈయన దగ్గర ఎనిమిదేళ్ళు పని చేశాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా, "టీచరమ్మా" అన్నాడు. నాకు అర్థమైంది.

హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీ కూడా కొన్ని రోజుల తరువాత అతనే తెచ్చాడు. వాచీ, తాళాలు, పర్సు. వాటి కింద ఒక ఇత్తడి గంట.

"ప్యాంటు జేబుల ఉండెనట" అన్నాడు రాజేశం.

"ఆయన జేబులోకి ఎలా వచ్చింది?"

"వేషం ఇప్పేటప్పుడు నేనే ఉన్న టీచరమ్మా. బిడ్డ నూకినప్పుడే ఊడింది గది. నేను కుడ్త తెండ్రి సార్ అంటే వద్దన్నడు. పొద్దుగాల బిడ్డ చేతుల పెట్టి, అప్పుడు చెప్త, దాని మొఖం జూడాలె అన్నడు."

నేను గంట చేతిలో పట్టుకుని అడిగాను. "పిల్ల అన్నమాట గురించి ఏమైనా అన్నారా?"

"అన్నడు. రాజేశం, నా బిడ్డ నన్నే బుట్టల ఏసిందిరా అని నవ్విండు."

"నవ్వారా?"

అతను కొంచెం ఆగాడు. "నవ్విండు. నవ్వుడు నవ్వుడు, కండ్లల్ల నీళ్ళు గూడ వచ్చినయ్."

ఆ ఆగడం ఎందుకో నేను అడగలేదు. ఆ తరువాత చాలాసార్లు అడగాలనుకున్నాను.

శవం దమ్మామ్ మార్చురీలో ఉంది. పనిలో పెట్టుకున్న కఫీల్ సంతకం, పోలీసు కాగితం, ఎంబసీ ఉత్తరం, అన్నీ రావాలి. ఆ దేశంలో ఉండనిచ్చే మా ఇద్దరి ఇకామాలూ ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆయన లేరు కనుక మేము కూడా ఉండకూడదు. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వేయించి ముగ్గురం ఒకే విమానంలో వెళ్ళాలని ఏర్పాటు. కంపెనీ మనిషితో పాటు ఆ ఆఫీసులన్నీ తిరిగింది రాజేశమే. సెలవు పెట్టుకుని తిరిగాడు.

నాన్న చనిపోయారని కెజియాకు నేనే చెప్పాను. ప్రమాదం అని కూడా చెప్పాను. అది విన్నది. ఏడవలేదు. చిన్నప్పటి నుంచి అది నా పోలికే అంటారు.

మర్నాడు సాయంత్రం మా గుమ్మం బయట బట్టల బుట్ట కనిపించింది. అందులో కెజియా స్కూలు బూట్లు ఉన్నాయి. పొరపాటున పెట్టిందనుకుని లోపలికి తెచ్చాను. తరువాతి రోజు అదే బుట్టలో దాని నీళ్ళ సీసా, బొమ్మ. ఆ తరువాత క్రిస్మస్‌కు కుట్టించిన గౌను, మడత పెట్టి. నేను తీసిన ప్రతిసారీ అది ఇంకొంచెం మంచి వస్తువు వెతికింది. అలా ఒకరోజు, రాజేశం కాగితాలు తెచ్చే వేళకు, నేను తలుపు తీస్తే బుట్టలో కెజియాయే కూర్చుని ఉంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తల వంచుకుని.

"ఇందులో ఎందుకు కూర్చున్నావు?"

"మార్చుకోడానికి."

"ఎవరితో?"

"కొమ్ములవాడితో." అది తల ఎత్తలేదు. "నేను డాడీని వేశాను కదా మమ్మీ. బూట్లు వేశాను, బొమ్మ వేశాను, రాలేదు. నన్నే అడిగాడు కదా ముందు."

బడిలో పిల్లలకు నేను రోజూ చెప్పే మాట ఒకటుంది. వాక్యం మొదలుపెడితే చివరిదాకా చెప్పాలి, మధ్యలో మింగకూడదు అని. నేను మెట్ల మీద, బుట్ట పక్కన కూర్చున్నాను.

"కెజియా, కొమ్ములవాడు అనేవాడు లేడు. అది కొయ్య ముఖం. మేకతోలు. లోపల మనిషి ఉంటాడు."

"ఏ మనిషి?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలిసి ఉండాల్సింది. జవాబు చెబితే దాని భయం పోతుంది. మరుక్షణం ఇంకొకటి తెలుస్తుంది. నాన్నను తీసుకుపో అని తను అన్నది నాన్నతోనే అని. నాన్న తన దగ్గర విన్న ఆఖరి మాట అదే అని. ఆయన నవ్వారని చెప్పవచ్చు. కానీ నవ్వారో లేదో నేను చూడలేదు. నోరు తెరిచాను. వాక్యం రాలేదు.

రాజేశం అప్పటికే మెట్లెక్కి వచ్చి, కింది మలుపులో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. కెజియా అతన్ని చూసింది. అతని పొడుగు చేతులు చూసింది. ఆ చేతుల మీద ఆరిన జిగురు మరకలు చూసింది.

"నువ్వేనా?" అని అడిగింది.

రాజేశం నా వైపు చూశాడు. నేను బుట్ట అంచు వైపు చూశాను.

"అవు బిడ్డా," అన్నాడు. "నేనే."

కెజియా బుట్టలోంచి లేచింది. లేచి అతని దగ్గరకు వెళ్ళి రెండు పిడికిళ్ళతో కడుపు మీద కొట్టింది. "మా డాడీని ఇచ్చెయ్" అంది. గట్టిగా అనలేదు. కొడుతూనే ఉంది. అతను కదలలేదు. కాగితాలున్న కవరు మాత్రం తడవకుండా చూసుకునేవాడిలా తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు.

"నా తాన లేడు బిడ్డా. నువ్వు ఇచ్చినవ్, గని నేను తీస్కపోలే. ఉత్త బుట్టనే ఏసుకపోయిన. మీ డాడీ మోటరు సామాను కోసం పోయిండు. లారీ తాకింది. నీ మాటకు గాదు."

"అబద్ధం. నువ్వు తల ఊపావు."

"అవు. ఊపిన. గది తప్పే. పిల్లల్ని బెదిరియ్యద్దు, బెదిరిచ్చిన."

మర్నాడు అతను హెల్గా గారిని అడిగి ఆ బుట్ట తెచ్చాడు. గుమ్మం బయటే పెట్టి, దూరంగా నిలబడ్డాడు. కెజియా దాన్ని బోర్లించింది. అడుగున చెయ్యి పెట్టి తడిమింది. అల్లికలో వేలు దూర్చి చూసింది. ఒక ఎండిన ఆకు, నికోలస్ పంచిన బాదం పప్పు ఒకటి పడ్డాయి. చాలాసేపు అక్కడే కూర్చుంది. తరువాత లోపలికి వచ్చి, ఇన్ని రోజులకు, ఏడ్చింది. ఆ రాత్రి నిద్రపోయింది. మళ్ళీ గుమ్మం బయట ఏమీ పెట్టలేదు.

రాజేశంతో మాత్రం మాట్లాడలేదు. అతను వస్తే వంటగదిలోకి వెళ్ళి ఫ్రిజ్ పక్కన నిలబడేది. దాని తప్పంతా అతని మీదికి వెళ్ళిపోయింది. దానికి తేలికైంది. అది చూసి నాకు తేలికైంది. అతనికి ఎలా ఉందో మెట్ల దగ్గర ఒకసారి అడిగాను.

"నాకేంది టీచరమ్మా," అన్నాడు. "నా బిడ్డ సృజన గూడ చిన్నప్పుడు నన్ను జూస్తే గిట్లనే ఉరికేది. రెండేండ్లకొక్కపారి పోతుంటి గద. కొత్తోడెవడో వచ్చిండని మంచం కిందికి జొచ్చేది. దాని అవ్వ గుంజితే గూడ రాకపోయేది. నాలుగు దినాలకు అలవాటయితుండె. అలవాటయినంక నా సెలవులు అయిపోతుండె."

"ఇది అలా కాదు రాజేశం. ఇది నిన్ను..."

"తెలుసు." అతను గడప మీద చెక్క పగిలిన చోటును వేలితో సరి చేశాడు. "చెప్పుండ్రి. పెద్దగయినంక చెప్పుండ్రి. ఇప్పుడైతే పండనియ్యుండ్రి పిల్లను."

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు అతను వచ్చాడు. పెట్టె కార్గో వైపు వెళ్ళేదాకా అక్కడ ఉండి, తరువాత మా దగ్గరకు వచ్చాడు. కెజియాకు బిస్కట్ ప్యాకెట్ ఇవ్వబోయాడు. అది చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను తీసుకున్నాను. "ఊరెళ్ళాక చెబుతాను" అన్నాను అతనితో. అతను తల ఊపాడు. కెజియా ఆ ఊపడం చూసి నా వెనక్కి జరిగింది.

ఆయన్ని నరసాపురంలో సమాధి చేశాం. నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. కంపౌండు మూసేశారని, తనను రియాద్‌లో సులై వైపు ఒక వర్క్‌షాపుకు మార్చారని రాజేశం ఫోన్ చేసి చెప్పాడు. డప్పులతో రౌండ్స్ మా వీధిలోకి వచ్చే ప్రతి డిసెంబరులో నేను బుట్టలో ఏదో ఒకటి వేస్తాను. కెజియా గదిలోంచి బయటకు రాదు. థామస్ గారు కూడా ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేసి పక్క ఊళ్ళోనే ఉన్నారు. పిల్ల దేవుడి పాటలకు దూరమవుతోందని బాధపడతారు.

క్రిస్మస్‌నాడు రాజేశం తప్పకుండా ఫోన్ చేస్తాడు. "బిడ్డ మంచిగున్నదా?" అంటాడు. ఉంది అంటాను. "ఎంతల ఉన్నది?" అంటాడు. అయిదో తరగతి అంటాను. చెప్పారా అని ఒక్కసారి కూడా అడగలేదు. అతని పేరు ఫోన్ మీద కనిపిస్తే కెజియా లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది. పోయిన క్రిస్మస్‌కు వెళుతూ వెళుతూ అంది, "ఆ మనిషితో నువ్వెలా మాట్లాడతావు మమ్మీ?"

ఇత్తడి గంట బీరువాలో, ఆయన వాచీ పక్కన ఉంది. కెజియాకు ఇంకా ఇవ్వలేదు. ఆ సాయంత్రం బుట్ట పట్టుకుని తన ముందు కూర్చున్నది ఎవరో ఇంకా చెప్పలేదు.